తొలిచూలు పెయ్యకు ఆబోతును ఎంచుకోవడం ఎలా? బెంగళూరు చుట్టుపక్కల తెలుగు పాడి రైతులకు సమగ్ర మార్గదర్శి

బెంగళూరు చుట్టూ హొసకోట, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపుర, ఆనేకల్ ప్రాంతాల్లో, ఇంకొంచెం ముందుకు వెళితే చింతామణి, ముళబాగిలు దాకా తెలుగు మాట్లాడే పాడి కుటుంబాలు చాలా ఉన్నాయి. పెయ్య ఎదకు వచ్చిందని తెలియగానే ఈ ఇళ్ళలో ముందుగా వినిపించే ప్రశ్న ఒకటే: "ఎన్ని లీటర్ల ఆబోతు ఉంది?" అంటే, ఎన్ని లీటర్ల పాలిచ్చే తల్లికి పుట్టిన ఆబోతు అని. పాలు అమ్మి బతికే ఇంట్లో ఆ ప్రశ్న సహజమే. అయితే తొలిచూలు పెయ్య విషయంలో దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఈ ఆబోతు దూడలు ఎంత సులువుగా పుడతాయి?

తొలి ఈతలో వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగానికి కారణం ఒకటే. దూడ పెద్దది, పెయ్య కటి మార్గం ఇరుకు. దూడ చనిపోవచ్చు. బలవంతంగా లాగితే జననాంగం చిరగవచ్చు, కటిలోని నరాలు దెబ్బతిని తల్లి లేవలేకపోవచ్చు. ప్రాణాలు దక్కినా మాయ పడకపోవడం, గర్భసంచికి చీము పట్టడం, తిరిగి ఎదకు రావడంలో నెలల ఆలస్యం వెంటాడతాయి. రెండున్నరేళ్ళు మేపి పెంచిన పశువు, పాలు మొదలయ్యే రోజునే చేజారిపోతుంది. ఆబోతును సరిగా ఎంచుకుంటే ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ ఎంపిక చేతిలో ఉండేది వీర్యం వేయించే (కృత్రిమ గర్భధారణ చేయించే) రోజు వరకే.

మొదటి అడుగు: పెయ్యను కొలవండి

ఆబోతు గురించి ఆలోచించే ముందు పెయ్య సిద్ధంగా ఉందా లేదా తేల్చుకోవాలి. వయసు కన్నా బరువు ముఖ్యం. ఎదిగిన ఆవుకు ఉండే బరువులో సుమారు 60 శాతం వచ్చాకే చూలు కట్టించాలి. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి పెయ్యకు ఇది 250 నుంచి 275 కిలోలు, జెర్సీ సంకరజాతికి 200 నుంచి 225 కిలోలు. బాగా మేపితే 15 నుంచి 18 నెలలకే ఈ బరువు వస్తుంది. మేత సరిగా లేని చోట రెండేళ్ళు దాటినా రాదు. అలాంటి పెయ్య ఎదకు వచ్చినా ఆగి, మేత పెంచి, బరువు వచ్చాకే కట్టించడం మేలు.

తూకం లేకపోయినా టేపు చాలు. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలత, భుజం ఎముక కొన నుంచి పిరుదు ఎముక కొన వరకు పొడవు, రెండూ అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 46 అంగుళాలు ఉంటే 60 × 60 × 46 ÷ 660, అంటే దాదాపు 250 కిలోలు. పశువు నాలుగు కాళ్ళ మీద సమంగా, తల ఎత్తి నిలబడినప్పుడే కొలవండి.

అదే సమయంలో పశువైద్యుడితో ఒకసారి లోపలి పరీక్ష చేయించండి. గర్భసంచి, అండాశయాలు ఎదిగాయా, కటి మార్గం మరీ ఇరుకుగా ఉందా అన్నది ఆయన చేతికి తెలుస్తుంది. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య అయితే ఈ పరీక్ష తప్పనిసరి. అలాంటి పెయ్యల్లో 90 శాతానికి పైగా గొడ్డుమోతులే. వాటికి ఆబోతును వెతకడం వృథా.

కొవ్వు పట్టిన పెయ్యను చూసి మురిసిపోవద్దని కూడా చెప్పాలి. కటి మార్గం చుట్టూ కొవ్వు చేరితే దూడ వచ్చే దారి ఇంకా ఇరుకవుతుంది. పక్కటెముకలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు, చేత్తో తడిమితే తెలియాలి. ఆ స్థాయి చాలు.

రెండవ అడుగు: పెయ్య తండ్రి ఎవరో కనుక్కోండి

ఇది చాలామంది వదిలేసే అడుగు. పెయ్య ఏ ఆబోతుకు పుట్టిందో తెలియకుండా వీర్యం వేయిస్తే, తండ్రి వీర్యాన్నే కూతురికి వేయించే ప్రమాదం ఉంది. తండ్రీకూతుళ్ళ కలయికలో పుట్టిన దూడకు అంతఃప్రజననం (దగ్గరి రక్తసంబంధం వల్ల వచ్చే జన్యు పోలిక) 25 శాతం, ఒకే తండ్రికి పుట్టిన వాటి మధ్య అయితే 12.5 శాతం. దాని ఫలితం ఎదుగుదల తక్కువ, రోగాలకు లోబడటం, చూలు నిలవకపోవడం. ఒకే ప్రాంతానికి ఒకే ఆబోతు వీర్యం కొన్నేళ్ళపాటు వస్తూ ఉంటే ఇది తెలియకుండానే జరిగిపోతుంది.

పెయ్య చెవికి 12 అంకెల పసుపు బిళ్ళ ఉంటే, దాని తల్లికి ఏ తేదీన ఏ ఆబోతు వీర్యం వేశారో భారత్ పశుధన్ అనే ప్రభుత్వ పశు నమోదు వ్యవస్థలో నమోదై ఉండవచ్చు. వీర్యం వేసే కార్యకర్తను అడిగితే ఫోనులో చూసి చెబుతారు. నమోదు లేకపోతే పాత కార్డులు, రసీదులు వెతకండి. ఏదీ దొరకకపోతే, తల్లి కట్టిన కాలంలో మీ ఊళ్ళో వాడిన ఆబోతుల నంబర్లను పక్కన పెట్టి, కొత్తగా వచ్చిన నంబరును ఎంచుకోవడం భద్రమైన దారి.

సంతలో కొన్న పెయ్య అయితే ఈ చరిత్ర ఏదీ ఉండదు. అప్పుడు ఒంటి పొడ, కొమ్ములు, చెవులు చూసి ఏ జాతి రక్తం ఎక్కువగా ఉందో పశువైద్యుడితో అంచనా వేయించుకోండి. తర్వాతి అడుగుకు అది కావాలి.

మూడవ అడుగు: ముందు జాతి, తర్వాతే ఆబోతు

స్వచ్ఛమైన హెచ్‌ఎఫ్ దూడ పుట్టినప్పుడు సుమారు 40 కిలోలు ఉంటుంది. స్వచ్ఛమైన జెర్సీ దూడ సుమారు 25 కిలోలు. ఈ 15 కిలోల తేడాలోనే తొలి ఈత కష్టసుఖాలు చాలావరకు తేలిపోతాయి.

బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉండటం వల్ల ఇక్కడి చల్లదనం హెచ్‌ఎఫ్ పశువుకు సరిపోతుంది. అందుకే చుట్టుపక్కల ఎక్కువ కొట్టాల్లో నలుపు తెలుపు మచ్చల ఆవులే. 275 కిలోలు తూగే, కటి వెడల్పుగా ఉన్న హెచ్‌ఎఫ్ సంకరజాతి పెయ్యకు హెచ్‌ఎఫ్ లేదా హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆబోతు వీర్యం వేయించవచ్చు. కానీ ఆబోతును జాగ్రత్తగా ఏరుకోవాలి. పెయ్య సన్నగా, కురచగా ఉంటే తొలి ఈతకు జెర్సీ లేదా జెర్సీ సంకరజాతి మంచిదని నా అభిప్రాయం. పుట్టే ఆడదూడ కొంచెం తక్కువ పాలు ఇవ్వవచ్చు, కానీ వెన్న శాతం ఎక్కువగా ఉంటుంది. పాల కేంద్రంలో ధర కట్టేది వెన్న, ఘనపదార్థాలు చూసే కాబట్టి నష్టం అనుకున్నంత ఉండదు. తల్లి మాత్రం క్షేమంగా ఈనుతుంది.

జెర్సీ సంకరజాతి పెయ్యకు స్వచ్ఛమైన హెచ్‌ఎఫ్ వీర్యం వేయించమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. పాలు పెరుగుతాయన్న ఆశతో ఇది తరచుగా జరుగుతోంది. ఆ ప్రయోగం చేయాలనే ఉంటే రెండో ఈతలో, మూడో ఈతలో చేయండి.

దేశవాళీ పెయ్యల సంగతి వేరు. నగరంలో ఉద్యోగాలు చేస్తూ శివార్లలో గిర్, సాహివాల్ ఆవులను పెంచుతున్న తెలుగువారు ఈమధ్య పెరుగుతున్నారు. కొందరి దగ్గర పుంగనూరు, మలెనాడు గిడ్డ కూడా ఉన్నాయి. గిర్, సాహివాల్ పెయ్యలు ఆలస్యంగా ఎదుగుతాయి. రెండు నుంచి రెండున్నరేళ్ళ వయసు, 250 కిలోల బరువు వచ్చేదాకా ఆగాలి. వాటికి సొంత జాతి ఆబోతునే వాడండి. జాతి నిలుస్తుంది, దూడ కూడా తల్లికి తగిన పరిమాణంలో పుడుతుంది. ఇక పుంగనూరు, మలెనాడు గిడ్డ వంటి పొట్టి జాతుల పెయ్యలకు పెద్ద జాతి వీర్యం వేయించడమంటే చేజేతులా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పుంగనూరు జాతి కోసం శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం చిత్తూరు జిల్లా పలమనేరులో పరిశోధన కేంద్రం నడుపుతోంది. బెంగళూరు నుంచి పెద్ద దూరం కాదు. ఆబోతు గురించి అక్కడ అడిగి తెలుసుకోవడం మంచిది.

నాలుగవ అడుగు: ఆబోతు నంబరు వెనుక ఉన్న సమాచారం

జాతి తేలాక అసలు ఎంపిక మొదలవుతుంది. ఒకే జాతిలో కూడా ఒక ఆబోతు దూడలు తేలికగా పుడతాయి, ఇంకో ఆబోతు దూడలు భారీగా పుడతాయి. పుట్టుక బరువు వారసత్వంగా బాగానే వచ్చే గుణం. అయితే ఆబోతును కంటితో చూసి దాన్ని పసిగట్టలేం. ఇప్పుడు సన్నగా కనిపించే ఆబోతు దూడలు చిన్నవిగా పుడతాయన్న హామీ లేదు, భారీ ఆబోతు దూడలన్నీ పెద్దవే కానక్కర్లేదు. తెలియాల్సింది ఆ ఆబోతు పుట్టినప్పటి బరువు, దానికి పుట్టిన దూడల ఈత వివరాలు.

విదేశీ వీర్యం అయితే పని సులువు. కేటలాగులో ఈత సౌలభ్యం అనే అంకె ఉంటుంది. అమెరికా హోల్‌స్టీన్ ఆబోతులకు ఆ అంకె, తొలిచూలు పెయ్యల్లో నూటికి ఎన్ని ఈతలు కష్టమవుతాయో చెబుతుంది. అక్కడ అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. కెనడా కేటలాగులో దీనికి విరుద్ధం. సగటు 100, అంతకన్నా ఎక్కువ ఉంటే మంచిది. ఏ దేశం కేటలాగో చూడకుండా అంకె చదివితే సరిగ్గా తప్పుడు ఆబోతునే తెచ్చుకుంటారు. ఆ అంకె పక్కన విశ్వసనీయత శాతం కూడా ఉంటుంది. ఈత సౌలభ్యం గుణానికి వారసత్వ బలం తక్కువ కాబట్టి చాలా ఈతలు నమోదైతే తప్ప ఆ అంకెకు విలువ రాదు. పెయ్యల కోసం విశ్వసనీయత ఎక్కువగా ఉన్న పాత ఆబోతునే ఎంచుకోండి. కొత్తగా వచ్చిన కుర్ర ఆబోతులను ఇప్పటికే రెండు మూడు సార్లు ఈనిన ఆవులకు వాడండి.

అదే కేటలాగులో కూతుళ్ళ ఈత సౌలభ్యం అని ఇంకో అంకె కనిపిస్తుంది. మొదటిది ఈ ఆబోతు దూడ ఎలా పుడుతుందో చెబితే, రెండోది ఆ ఆబోతు కూతుళ్ళు పెద్దయ్యాక ఎలా ఈనుతాయో చెబుతుంది. చిన్న దూడలు కావాలని మొదటి అంకె ఒక్కటే చూసి తరతరాలుగా ఎంచుకుంటూ పోతే, కొట్టంలో ఇరుకు కటి ఉన్న చిన్న ఆవులే మిగలవచ్చు. రెండూ బాగున్న ఆబోతు దొరికితే వదలకండి.

మన దేశపు వీర్య కేంద్రాల కేటలాగుల్లో ప్రధానంగా కనిపించేది తల్లి పాల దిగుబడి, వెన్న శాతం, ఆబోతు సంతాన విలువ (దాని కూతుళ్ళు ఎలా పాలిస్తాయన్న అంచనా). ఈత సౌలభ్యం చాలా ఆబోతులకు ఉండదు. అక్కడే రైతు సొంత విచారణ మొదలుపెట్టాలి.

వీర్యం వేసే కార్యకర్తను ఇలా అడగండి: గత ఏడాది ఈ నంబరు ఆబోతు వీర్యం ఈ చుట్టుపక్కల ఎన్ని పెయ్యలకు వేశారు? వాటిలో ఎన్నింటికి డాక్టరును పిలవాల్సి వచ్చింది? ఇక్కడ పెయ్యలు అన్న మాట మీద గట్టిగా నిలబడండి. మూడో ఈత ఆవు అదే దూడను ఇట్టే ఈనేస్తుంది, ఆ అనుభవం పెయ్యకు వర్తించదు. పాల కేంద్రం దగ్గర ఉదయం పూట పదిమంది రైతులు కలుస్తారు. అక్కడ కూడా అడగండి. ఒకటి రెండు దూడలు పెద్దగా పుట్టాయని ఆబోతును కొట్టిపారేయకండి, ఒకటి రెండు సులువుగా పుట్టాయని నెత్తిన పెట్టుకోకండి. వీలైనన్ని ఎక్కువ ఈతల కబురు సేకరించాకే ఒక నిర్ణయానికి రండి.

ఏ సమాచారమూ దొరకని కొత్త నంబరు అయితే పెయ్యకు వద్దు. తల్లి పాలు 8,000 లీటర్లని రాసి ఉన్నా సరే.

జన్యు పరీక్షల గురించి కూడా వినే ఉంటారు. మన దేశపు పశువుల కోసం తయారైన గౌ చిప్‌ను 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాశింలో ప్రధాని ఆవిష్కరించారు. దూడ దశలోనే మంచి పాల వంశాన్ని గుర్తించడానికి ఇది ఉపయోగపడుతుంది. కానీ చిప్ అంచనాకు బలం పొలంలో నమోదైన వివరాల నుంచే వస్తుంది. ఈతల వివరాలు మనం రాయించకపోతే, ఈత సౌలభ్యం గురించి ఏ చిప్పూ చెప్పలేదు.

ఐదవ అడుగు: లింగ నిర్ధారిత వీర్యం వాడాలా?

పెయ్యలకు ఇది బాగా కుదిరే సాధనం. సుమారు 90 శాతం ఆడదూడలే పుడతాయి. కోడెదూడ కన్నా ఆడదూడ పుట్టుక బరువు ఒకటి రెండు కిలోలు తక్కువ కాబట్టి ఈత కొంత తేలికవుతుంది. పైగా కొట్టంలో అందరికన్నా కొత్త తరం, మంచి వంశం పెయ్యదే. దాని నుంచి ఆడదూడ రావడం లాభమే.

ప్రతిగా ఇందులో వీర్యకణాల సంఖ్య బాగా తక్కువ. మామూలు స్ట్రాలో (వీర్యం నింపిన సన్నని గొట్టంలో) రెండు కోట్ల కణాలు ఉంటే ఇందులో సాధారణంగా 20 లక్షల దగ్గర ఉంటాయి. చూలు నిలిచే అవకాశం కొంత తగ్గుతుంది, ధర ఎక్కువ. అందుకే ఎద స్పష్టంగా కనిపించిన, ఆరోగ్యమైన పెయ్యకే వాడాలి. ఎద మొదలైన తర్వాత మామూలు వీర్యం కన్నా కొంచెం ఆలస్యంగా వేయించడం మంచిది. రెండుసార్లు వేయించినా నిలవకపోతే మామూలు వీర్యానికి మారండి. ఆడదూడే కదా అని భారీ దూడల ఆబోతును ఎంచుకోవద్దు. ఒకటి రెండు కిలోల తేడా దాన్ని సరిదిద్దలేదు.

ఆరవ అడుగు: స్ట్రా చేతిలోకి తీసుకుని చూడండి

బెంగళూరు వారికి ఒక అనుకూలత ఉంది. డెన్మార్క్ సహకారంతో మొదలైన కేంద్ర ఘనీకృత వీర్య ఉత్పత్తి, శిక్షణ సంస్థ, కర్ణాటక పాల సమాఖ్య నడిపే నందిని వీర్య కేంద్రం రెండూ హెసరఘట్టలోనే ఉన్నాయి. ఏ కేంద్రం నుంచి వచ్చిన వీర్యమైనా, ఆ కేంద్రానికి ఏ గ్రేడు ఉందో అడగండి. గ్రేడు పొందిన కేంద్రాల్లో ఆబోతులకు బ్రూసెల్లోసిస్, క్షయ, జోన్స్ వ్యాధి, ట్రైకోమోనియాసిస్ వంటి వాటికి క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తారు.

వేసే ముందు స్ట్రా మీద అక్షరాలు చదవండి. ఆబోతు నంబరు, జాతి, కేంద్రం గుర్తు, తీసిన తేదీ దాని మీద అచ్చువేసి ఉంటాయి. మీరు అడిగిన నంబరే అని కంటితో చూశాకే వేయించండి, వేసిన తర్వాత ఫోటో తీసి పెట్టుకోండి. కార్యకర్తలు దీన్ని తప్పుగా తీసుకోరు. మంచి పనివారైతే సంతోషిస్తారు కూడా. స్ట్రాను ద్రవ నత్రజనిలోంచి తీశాక 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో 30 సెకన్లు ఉంచాలి. చేతుల మధ్య రుద్దడం, జేబులో పెట్టుకోవడం చూస్తే మర్యాదగానే ఆపండి.

ఎద గుర్తులు మీకు తెలిసినవే. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం వేయించాలి. పెయ్యల్లో ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఎద అయిన ఒకటి రెండు రోజులకు మానం నుంచి కొద్దిగా నెత్తురు కనిపించవచ్చు. అది జబ్బు కాదు, చూలు నిలిచిందనీ నిలవలేదనీ అర్థం కాదు. ఎద చూడకుండానే నెత్తురు కనిపిస్తే, ఈసారి ఎద దాటిపోయిందని గ్రహించి మరో 19 రోజులకు సిద్ధంగా ఉండండి.

ఆబోతుతో దాటించక తప్పకపోతే

వీర్యం వేసేవారు అందని చోట, లేదా పదేపదే పొర్లుతున్న (వీర్యం వేయించినా చూలు నిలవక మళ్ళీ ఎదకు వస్తున్న) పెయ్యకు కొందరు ఆబోతును ఆశ్రయిస్తారు. ఊరి మీద తిరిగే ఆబోతు, పక్క ఊరిలో డబ్బు తీసుకుని దాటించే ఆబోతు మాత్రం వద్దు. ఒక్క రోగిష్టి ఆబోతు పదుల కొట్టాలకు బ్రూసెల్లోసిస్ అంటించగలదు. అది పాల ద్వారా, ఈత స్రావాల ద్వారా మనుషులకూ సోకుతుంది. పొర్లడానికే కారణం ఆ రోగాల్లో ఒకటైతే, పెయ్య నుంచి ఆబోతుకు, ఆబోతు నుంచి మిగతా పశువులకు అది పాకుతుంది.

ఆబోతు రక్తపరీక్ష నివేదిక చూపించమని అడగండి. పెయ్య కన్నా మరీ బరువైన ఆబోతు ఎక్కితే నడుము, తుంటి దెబ్బతింటాయి. కాబట్టి వయసులో ఉన్న, తేలికపాటి ఆబోతే మేలు. వృషణాలు రెండూ సమంగా, గట్టిగా ఉండాలి, కాళ్ళలో కుంటితనం ఉండకూడదు. హెచ్‌ఎఫ్, జెర్సీ ఆబోతులు దేశవాళీ వాటికన్నా మనుషుల మీదకు ఎక్కువగా వస్తాయి. ఎంత మచ్చికైనదని చెప్పినా దానికి వీపు చూపించకండి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

చూలు నిలిచాక

రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించండి. హెచ్‌ఎఫ్, జెర్సీ సంకరజాతికి ఈత సుమారు 280 రోజులకు, గిర్, సాహివాల్‌కు 285 నుంచి 290 రోజులకు వస్తుంది. ఆ తేదీని గోడ మీద రాసుకోండి.

దూడ చిన్నగా ఉండాలని చివరి నెలల్లో మేత తగ్గించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి అలా చేయకండి. దూడ బరువు అంతగా తగ్గదు, తల్లి మాత్రం నీరసించి ముక్కే శక్తి కోల్పోతుంది, జున్నుపాలు పలచబడతాయి. 250 కిలోల దగ్గర కట్టిన హెచ్‌ఎఫ్ సంకరజాతి పెయ్య ఈత నాటికి 350 కిలోలకు చేరాలి. అంటే రోజుకు సుమారు 350 గ్రాముల పెరుగుదల. దానికి తగిన పచ్చిమేత, దాణా, ఖనిజ మిశ్రమం అందించండి.

ఈత రోజున నీటి సంచి కనిపించాక రెండు గంటల్లో దూడ రాకపోతే, లేదా గంట గట్టిగా ముక్కినా ముందరి గిట్టలు, మూతి కనిపించకపోతే ఇక ఆగకండి. పశువైద్యుడికి గానీ, సంచార పశువైద్య వాహనం కోసం 1962కు గానీ ఫోను చేయండి. నలుగురు మనుషులు కలిసి తాడు కట్టి లాగడం వద్దు. పెయ్యల్లో పక్షవాతానికి, గర్భసంచి బయటకు రావడానికి అదే దారితీస్తుంది.

దూడ పుట్టిన రోజే ఒక నోటు పుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: ఆబోతు నంబరు, దూడ ఆడదా మగదా, దాని బరువు, ఈత ఎలా జరిగింది. తనంతట తానే ఈనిందా, చేయి సాయం కావాల్సి వచ్చిందా, డాక్టరు వచ్చారా అన్నది ఒక్క మాటలో చాలు. దూడ బరువుకు ఇంట్లో తూకం సరిపోతుంది. దూడను ఎత్తుకుని ఒకసారి, ఎత్తుకోకుండా ఒకసారి నిలబడి తేడా తీసుకోండి. అదే వివరాన్ని వీర్యం వేసిన కార్యకర్తకు చెప్పి నమోదు చేయించండి. వచ్చే ఏడాది మీ పక్కింటి పెయ్యకు ఏ ఆబోతు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ నాలుగు మాటలే పనికొస్తాయి. తొలి ఈత సజావుగా జరిగిన మీ ఆవుకు రెండోసారి మాత్రం పాల వంశం చూసి, ఇంకొంచెం పెద్ద దూడల ఆబోతునైనా ధైర్యంగా ఎంచుకోవచ్చు.